వెనక సీట్లో హోరు

అనకాపల్లి దాటిన కారు ఎలమంచిలి వైపు పోతోంది. నడుపుతున్నది రోనాల్డ్, కార్ల కంపెనీ కొత్త ఇంజన్లను పరీక్షించే షెడ్డులో అతనికి ఉద్యోగం. వెనక సీట్లో అతని అక్క లూర్దు మేరీ, అదే షెడ్డులో పనిచేస్తూ ఈమధ్యే పోయిన జాన్ పాల్ భార్య.

"బావ ఎంత బరువుండీవోడక్కా?"

"అదేటి ప్రశ్నరా? పోయిన మనిషి బరువుతో నీకేటి పని?"

"ఊరికే."

"ఊరికే అడిగీ ప్రశ్న కాదది. ఎలమంచిలికి సవాలక్ష బస్సులున్నాయి. బలవంతంగా ఈ కారెక్కించేవు. ముందు సీటు ఖాళీగా ఉంటే వెనక కూకోమన్నావు. ఏటి సంగతి?"

"ఎండగా ఉంది కదా అని..."

"ఒరే రోనాల్డూ."

"సెప్తాను. కాస్త స్పీడు పెంచనీ. ఇదిగో, ఇప్పుడు ఇను."

"ఏటిది, ఈ హోరు? సెవుల్లో నీళ్ళు పోయినట్టుంది."

"ఇంజను ఈ స్పీడుకొచ్చిందంటే సాలు, ఇలగ హోరెత్తిపోద్ది. దీన్ని తీసెయ్యడానికే బావ ఏడాది కష్టపడ్డాడు. ఇంజను కింద రబ్బర్లు మార్చేడు, బిగింపులు మార్చేడు. ఆకర్న ఆయన వెనక కూకున్నాడు, నేను నడిపేను. హోరు లేదు. పోయిందని సంతకం పెట్టేడు."

"తెలుసు. ఆ రోజు మాడుగుల హల్వా తెచ్చేడు. పోయిందన్నది మళ్ళీ ఎలగొచ్చింది?"

"బావని సమాధి సేసేక కారు తీసేం. అప్పట్నుంచీ ఉంది. రేపు కంపెనీ పెద్దోళ్ళు వత్తారు. ఇది ఇన్నారంటే, జాన్ పాల్ అబద్ధానికి సంతకం పెట్టేడంటారు."

"ఆయనా? చర్చిలో హార్మోనీ ఒక్క మెట్టు తేడాగా పలికితే ఇంకో పాటకెళ్ళని మనిషి."

"నాకు తెలిస్తే సాలదు కదక్కా. వెనక ఆయన కూకోడం వల్లే ఆగిందేమోనని, ఉజ్జాయింపుగా ఆయనంత బరువు బెల్లం దిమ్మలు ఎట్టి సూసేం. ఆగలేదు."

"మనిషీ బెల్లం దిమ్మా ఒకటేట్రా?"

"అందుకే నిన్ను కూకోబెట్టేను. నీకూ ఆగలేదు."

"ఆయన పోయింది ఈ సీట్లోనేనా?"

"రోడ్డు సూడనియ్యక్కా."

"రోనాల్డూ."

"ఈ సీట్లోనే, సంతకం పెట్టేక ఇంకో రోజు. కళ్ళు మూసుకుని ఇంజను ఇంటన్నాడనుకున్నాను. కశింకోట దాటి ఊరొచ్చీదాకా ఆయనతో మాటాడతానే ఉన్నాను."

"అయితే ఆయన కాళ్ళు ఇక్కడే ఉండీవన్నమాట."

"ఏడుత్తన్నావా?"

"లేదు. కిందకి సూత్తన్నాను. ఈ రబ్బరు పట్టా ఒక్క సోటే ఇలగ అరిగిపోయిందేటి?"

"ఎక్కడ?"

"కుడికాలు ఆనీ సోట. ఇంట్లో సాప కూడా ఇలగే అరిగింది. ఏదైనా సెవొగ్గి ఇంటే ఆయన మడమ నేలకేసి నొక్కీసీవోడు. ప్రసంగమైనా, రేడియో అయినా. పక్కన కూకుంటే నా కాలు తొక్కీసీవోడు."

"గట్టిగానా?"

"గట్టిగానే. ఏం?"

"అక్కా, అదే అయ్యుంటాది. ఇంజను అదురుకి ఆ పట్టా కింద రేకు కొట్టుకుంటంది. ఆ హోరు దానిదే. ఇందామని సెవొగ్గితే సాలు, బావ తనకి తెలీకుండానే ఆ రేకుని తొక్కి పట్టీసీవోడు. ఇంకేటి వినబడద్ది? ఆయన అబద్ధం ఆడలేదక్కా. కింద ఓ పట్టీ బిగిత్తే సరిపోద్ది."

"నిజమేనా? ఒట్టు?"

"ఇప్పుడే తేలిపోద్ది. స్పీడు పెంచుతాను. ఆ అరిగిన సోట నీ మడమ ఆన్చి నొక్కు. ఆఁ, అదీ. ఇన్నావా? ఆగిపోయింది. రేపు పెద్దోళ్ళనీ ఇలగే కూకోబెట్టి సూపిత్తాను. బావ పేరుకి మచ్చ రాదు. ఇంక కాలు తియ్యి, మళ్ళీ వత్తాదేమో సూద్దాం. తియ్యక్కా. ఏటి, మాటాడవు?"

"నేనింకా కాలు పెట్టలేదురా. ఆయన తొక్కిన సోట తొక్కడానికి మనసొప్పక, రెండు కాళ్ళూ సీటు మీదకి ముడుసుకుని కూకున్నాను."