దూలం ఇంకా నేలమీదే

ఏం జనమన్నా మీ వాళ్ళు! గోడ కట్టుకుంటున్న మనిషిని చూడ్డానికి గుర్రం ఆపుకుని నిలబడతారా ఎవరైనా? "ఎసెన్, ఆశర్ ఎప్పుడు పెడుతున్నావ్?" అనడం, "ఆశరూ లేదు గీశరూ లేదు" అని నేననడం, మీసాల్లో నవ్వుకుంటూ పోవడం.

లేదు, కూర్చోను. కుక్కపిల్ల కోసం వచ్చాను. ఇటే వచ్చుంటుంది, వాళ్ళమ్మ దగ్గరికి. పట్టుకుని పోతాను.

సరేలే, అంతగా చాప జరుపుతుంటే కూర్చుంటాను. టీ మాత్రం వద్దు. ... పోస్తే పోశావు, సగం గిన్నే పోయ్. నువ్వు నీ జీను కుట్టుకో, నాకోసం సూది ఆపకు.

చూడు ఓరొజ్ అన్నా, నాలో ఒక మంచి గుణం ఉంది. ఈ ఊరొచ్చాక ఎవరి గడప దగ్గరా నిలబడి చిటికెడు ఉప్పు కూడా అడగలేదు. దీన్ని మీ ఊళ్ళో పొగరంటారట. మా ఇంట్లో పెంపకం అంటాం.

అసలు ఆశర్ అంటే ఏంటన్నా? ఊరంతా పారలు భుజానేసుకుని దిగుతుంది. బురద తొక్కేవాడొకడు, ఇటుక అందించేవాడొకడు, ఎలా తొక్కాలో చెప్పేవాళ్ళు మిగతా ఊరంతా. పొద్దు నడినెత్తికొచ్చేసరికి వాళ్ళకోసం కోసిన గొర్రె అయిపోతుంది, గోడ మాత్రం మోకాలి దగ్గరే ఉంటుంది. తుర్దుబెక్ ఇల్లు అలా కట్టిందేగా? గాలేస్తే అతనికంటే ముందు అతని తలుపు బయటికొచ్చి నిలబడుతుంది!

అందుకే మొగుడూ పెళ్ళాం మేమిద్దరమే కట్టుకుందాం అనుకున్నాం. అంటే... నేననుకున్నాను. బురుల్ బురద తొక్కింది.

గడ్డి కలిపి, అచ్చులు పోసి, ఎండకి వరసగా పరిచాం. అప్పుడొచ్చింది నువ్విచ్చిన ఆ కుక్కపిల్ల మహారాణి, అక్తోష్. ఛాతీ మీద తెల్లమచ్చ తప్ప దానికి ఇంకో యోగ్యత లేదు. పచ్చి ఇటుకల మీద ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది, ఎక్కడైనా మర్చిపోయానేమో అని. నేను తాపీ పట్టుకుని సాపు చేయబోతే బురుల్ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీవయ్యా. నీ చేతి గుర్తులకంటే అందంగా ఉన్నాయి." ఇప్పుడు మా ఇంటి ముందు గోడంతా పంజాలే.

సూటి కోసం కట్టిన దారం కూడా తినేసిందన్నా. ఆ గోడకి పొట్టొచ్చింది అందుకే. ఊళ్ళో అందరికీ అదే చెప్పాను. బురుల్ మాత్రం నలుగురిలో "కుక్క దారం తిన్నది మొన్ననేగా. నీ గోడకి పొట్టొచ్చింది అంతకు ముందే" అంది. ఏం పెళ్ళామన్నా!

ఆ కుక్కకి సిగ్గు కూడా లేదు. ఇంటింటికీ పోతుంది, గుమ్మం ముందు కూర్చుంటుంది, తల పక్కకి వాలుస్తుంది, ఎముక పట్టుకొస్తుంది. ఎవరింటి ఎముకో కనుక్కుని బురుల్ పోయి పలకరించొస్తుంది. అలా సగం ఊరు ఆ కుక్కకి చుట్టాలైపోయారు. నాకెవరూ కాలేదు.

నవ్వు, నవ్వు. నిన్న చూసుంటే నవ్వేవాడివి కాదు.

దూలం ఎత్తబోయాం. పచ్చిది, బరువు. బురుల్ గోడ మీదెక్కి తాడు లాగుతోంది, నేను కింద నుంచి కర్రతో తోస్తున్నాను. "ఇంకో ఇద్దరుంటే బాగుండేది" అంది. "నేనిద్దరి పెట్టు" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే తాడు జారింది.

దూలం మూలగోడని తన్ని కూల్చుకుంటూ కిందపడింది. బురుల్ గోడ పట్టుకుని వేలాడింది. దిగింది, మణికట్టు బెణికింది, అయినా ఆ చెయ్యి చూసుకోలేదు, కుక్కపిల్ల కోసం చూసింది. కుక్కపిల్ల ఆ మూల నీడలోనే పడుకుంది కదా పొద్దుట్నుంచీ.

పిలిచాం. చప్పుడు లేదు.

ఒంటిచేత్తో ఇటుకలు తీస్తోందన్నా బురుల్. నేను కూడా తీశాను. ఆ కుక్కని పేరు పెట్టి బతిమాలానని ఎవరితోనూ అనకు.

రెండు ఇటుకలు ఒకదానికొకటి ఆనుకుని చిన్న గూడులా నిలబడ్డాయి. అందులో ఉంది. ఒళ్ళంతా దుమ్ము. తుమ్మింది. ఆ తుమ్ము విని బురుల్ నేలమీద కూలబడి ఏడ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇవాళ పొద్దున్న చెప్పింది. "పైకప్పు పడితే ఉంటాను. పడకపోతే ఈ చలికాలం మా అక్కింట్లో, నేనూ ఇదీ." బట్టలు మూటకట్టి గుమ్మంలో పెట్టింది. గుమ్మం ఉంది, ఇంకా తలుపు లేదు.

కుక్కపిల్లని కూడా గుంజకి కట్టేసింది. "ఓరొజ్ అన్న దగ్గరికి పో. ఈసారి కుక్క వంక పెట్టుకోడానికి లేదు" అంది.

అవును. ఇక్కడ లేదని నాకు తెలుసు. నీకూ తెలుసు, నేనొచ్చినప్పట్నుంచీ. మరి చెప్పవేం?

ఆకాశం చూశావా? కనుమ మీద నల్లగా పట్టింది. నెత్తిన కప్పు లేని మట్టిగోడ ఒక్క వానకి ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? మళ్ళీ బురదే. ఎండాకాలమంతా ఆవిడ తొక్కిన బురద.

ఇంటాయన తన నోటితో పిలవందే ఆశర్‌కి ఎవరూ కదలరు. తెలుసన్నా. పెళ్ళాం పిలిచినా చెల్లదు, నువ్వంతట నువ్వొచ్చినా చెల్లదు. ఏం కట్టుబాటో! పిలవలేనివాడు వానలో నానాల్సిందేనా?

అయ్యో, ఈసారి గిన్నె నిండా పోశావే. నిండా పోశావంటే తాగి లేచిపొమ్మనేగా.

అన్నా, రేపు... రేపు నువ్వు... బంగాళాదుంపలు తవ్వుతున్నావా?

చూశావా, పక్కకి పోయింది నోరు. ఇంటి దగ్గర్నుంచి ఆ మాటే అనుకుంటూ వచ్చాను, మీ కంచె దగ్గర కూడా ఒకసారి అనుకున్నాను. అక్కడ బాగానే వచ్చింది.

సూది ఎందుకాపావు? అలా చూడకు. నాకు బురద కలపడం తెలుసు, వంకరో టింకరో గోడ లేపడం తెలుసు. మనిషిని పిలవడం మాత్రం ఇంకా రాలేదన్నా.