ఆల్మీడా వేసిన ముడి

ఆల్మీడా సంగతా? కూర్చో అమ్మాయ్, ఆ లాబ్‌స్టర్ రొయ్యల బోను మీద కాదు, తడిగా ఉంది. ఆవిడ మన సెనేటర్ ఆరిన్ థాక్స్‌టర్‌కి అక్క. ఆరిన్ వాషింగ్టన్‌లో పెద్దమనిషే గానీ, ఈ రేవులో మాత్రం పడవెక్కితే వాంతులు చేసుకునే ఆరిన్‌గాడే. మీ తాతా అంతేలే, మీ ఇంట్లో చెప్పరు. ఏమంటున్నాను? ఆఁ, ఆ ఏడు ప్రెసిడెంటు కెనడావాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు. మనవాళ్లు లాబ్‌స్టర్లు పట్టుకునే, సముద్రం అడుగున ఉన్న తూర్పు దిబ్బలో సగం వాళ్లకట. రేవంతా గగ్గోలు. మా తమ్ముడు వాల్డో తన పడవ అమ్మకానికి పెట్టాడు. ఎవడు కొంటాడ్రా అంటే, "కెనడావాడు" అన్నాడు. ఆల్మీడా మాత్రం, "ఆగండర్రా, ఆయన సంతకం పెడితే అయిపోతుందా? సెనేట్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని రాజ్యాంగంలో ఊరికే రాశారా? మావాడు ఒప్పుకోడు" అంది.

ఆవిడ 'మావాడు' మాత్రం ఒప్పుకునేలాగే ఉన్నాడు. ప్రెసిడెంటు భోజనానికి పిలిచి, సరే అంటే మన రేవుకి అలలు ఆపే రాతికట్ట కట్టిస్తానన్నాడట. లెక్క ఒక్క ఓటు దగ్గర ఆగింది. శనివారం చర్చి హాల్లో బీన్స్ విందు జరుగుతుంటే ఆరిన్ లేచి, "ప్రెసిడెంటు మాటిచ్చాక కాదంటే దేశం పరువు..." అని మొదలెట్టాడు. ఆల్మీడా వడ్డిస్తూనే, "సంతకం ఆయనది, సమ్మతి నీది. నువ్వివ్వనిదే అది ఉత్త కాగితంరా" అంది. వాడు నవ్వేశాడు. మర్నాడు వాడి తలుపు పిడికి తాడు, రెండు చుట్ల ముడి. పరాయి నీళ్లలో బోను వేసినందుకు పోయినేడు బోను జాడకి నీళ్ల మీద తేలే మీ నాన్న బెండు తాడుకి వేశారే, అదే ముడి. మొదటిసారి హెచ్చరికగా ముడి, రెండోసారి కత్తి, తాడు తెగి బోను సముద్రం పాలు. ఆరిన్ దాన్ని ముట్టుకోలేదు. వెనక తలుపు గుండా పోయి రైలెక్కి, సెనేట్లో కాదన్నాడు. ఒప్పందం పోయింది, రాతికట్టా పోయింది. దిబ్బ మిగిలింది. ఆ చలికాలం తుఫానుకి, కట్ట లేని రేవులో, ముక్కలైన మొదటి పడవ ఆల్మీడాదే. ఆవిడ ముక్కలు ఏరి పొయ్యిలోకి పెట్టుకుంది, అంతే. ముడి వేసినవాళ్లే విప్పాలి కదా, ఆరిన్ వచ్చి, "అక్కా, ఇప్పుడైనా విప్పవే" అన్నాడు. "వచ్చే ప్రెసిడెంటు కూడా భోజనానికి పిలుస్తాడేమో, ఉండనీ" అంది. ఇద్దరూ పోయారు. ఆరిన్ ఇల్లు కొన్న, వేసవికి మాత్రం వచ్చిపోయే పట్నం జనం, అలంకారమనుకుని ముడికి తెల్లరంగు వేశారు.  ఆ ఎర డబ్బా ఇలా అందుకో.