ఉప్పు లేని చారు

తమ్ముడు ఇంటి సంగతుల మీద రాసిన హాస్య వ్యాసాల పుస్తకాన్ని, కర్ణాటకలోని చింతామణిలో ఉన్న అతని అంగడికి వచ్చి, అక్క తక్కెడలో పడేసింది.

"ఊరంతా నవ్వుతాండారు. అమ్మకూ తెలిసిపోయింది."

"కన్నడంలో కదక్కా రాసింది. అమ్మకు చదివేదానికి రాదే."

"నన్ను చదివి తెలుగులో చెప్పమనింది. చెప్పినాను."

"ఉప్పు లేని చారు సంగతి కూడానా?"

"అదీ చెప్పినా. దేవునికి పెట్టకముందు అమ్మ రుచి చూడదని నీకు తెలీదా?"

"తమాషాకు రాసినానక్కా. అమ్మ నవ్వలేదా?"

"యాడ నవ్వుతాది? 'దినమూ బాగుండాదమ్మా అని తినేవాడు, ఊరికంతా చెప్పినోడు, నాకొక మాట చెప్పకూడదా' అనింది."

"ఇప్పుడేం చేస్తాండాది?"

"దేవునికి పెట్టేసి, నీకోసం కూర్చోనుండాది. ఈపొద్దు చారు ఎట్లుండాదో నువ్వు నిజం చెప్పల్లంట. లేసి పో."