ఆరో బెల్లు

అధ్యక్ష స్థానంలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మేనేజరుగారికి, వేదిక మీది పెద్దలకు, నాకంటే ముందే రిటైరై నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటున్న మిత్రులకు, ముందు వరుసలోంచి ‘త్వరగా ముగించండి’ అని సైగ చేస్తున్న మా ఆవిడకు నమస్కారం.

ఇరవై ఆరేళ్ళ క్రితం ఈ అచ్చాఫీసుకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, సాయంత్రం అయిదింటికి బెల్లు దానంతటదే అయిదుసార్లు మోగేలా ప్రోగ్రాం రాయమన్నారు. ఒక పనిని అయిదుసార్లు చెయ్యమని ఒక్క ముక్కలో చెప్పవచ్చునని, దాన్ని లూప్ అంటారని నాకప్పటికి తెలియదు. ‘బెల్లు మోగించు’ అని ఒక లైను రాసి, దాని కింద అదే లైను, దాని కింద మళ్ళీ అదే... (నవ్వులు) నవ్వండి, ఇంట్లోనూ చెప్పిందే చెప్తానని మా ఆవిడ ఫిర్యాదు. లెక్క ఎక్కడ తప్పానో గానీ ఆరు లైన్లు పడ్డాయి. దిద్దుదామనుకునేలోగా బైండింగువాళ్ళు ‘ఆరోది ఇంటికెళ్ళే బెల్లు’ అని ఖాయం చేసేశారు.

పోయిన నెల, నా కుర్చీలోకి రాబోతున్న ఈ అమ్మాయి నా ప్రోగ్రాం తెరిచి, “ఇదేంటి సార్, ఇంపోజిషన్ రాసినట్టు రాశారు!” అని ఆరు లైన్లూ కొట్టేసి, చక్కగా లూప్ పెట్టి రెండు లైన్లలో తేల్చేసింది. పైకి “భేష్” అన్నాను గానీ లోపల ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ నాదంటూ మిగిలింది అదొక్కటే మరి.

ఆ సాయంత్రం బెల్లు అయిదుసార్లు మోగింది. ఒక్కరూ కదల్లేదు. క్యారేజీలు చేత్తో పట్టుకుని అందరూ అలాగే నిలబడిపోయారు. “ఉండండ్రా, ఇంకోటి రావాలి,” అన్నాడు బైండింగు మేస్త్రీ. మేనేజరుగారూ, మీరూ బ్యాగు తగిలించుకుని గుమ్మంలోనే ఆగారు, నేను చూశాను. (నవ్వులు)

మర్నాడు ఈ అమ్మాయితో, “అయిదు తీసి ఆరు చెయ్యి తల్లీ, సరిపోతుంది,” అన్నాను. “లేదు సార్, అయిదింటికి అయిదే. లూప్ అలాగే ఉంటుంది. ఆరోది మీది, దాన్ని కింద విడిగా రాశాను,” అంది. క్షమించాలి, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. అయిదు కావస్తోంది. లూప్ మోగగానే లేవకండి, నాది కూడా మోగనివ్వండి.

సెలవు.