బంటు మాత్ర

బాహుదా నది పొంగి డొంకూరు దారి మునిగిన ఏడు అది. కుక్క మెడలో థైరాయిడ్ క్యాన్సర్ గడ్డ తీయించిన మూడో రోజున, గడగడ వణుకుతున్న దాన్ని కవిటి ఊరి ముసలాయన పశువుల డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టాడు.

“కాల్షియం మాత్రలు వేశావా, తాతా?”

“నేదమ్మా. మన ఉద్దానంలో ఇంటింటా కిడ్నీల జబ్బే గదా, మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని ఆపేసినాను.”

“కుక్కకీ ఉద్దానం పథ్యమేనా! గడ్డతో పాటు కాల్షియం చూసుకునే గ్రంథులూ పోయాయి. మాత్ర లేకే ఈ వణుకు. కదలనీకు, కాల్షియం మందు నరంలోకి మెల్లగా ఎక్కిస్తాను.”

“బతుకుతాదా?”

“మందు లోపలికి పోయింది. ఇప్పుడు కాళ్లు చూడు!”

“వణుకు తగ్గిపోనాది! అమ్మో, తోక ఊపుతన్నాది! ఒరే బంటూ, నన్ను సూడరా!”

“ఇక రోజూ వెయ్యాలి.”

“నా సేత్తోనే వేత్తానమ్మా!”

మర్నాడు పొద్దున్నే ఆయన మాత్ర నూరి, ముందు తన నాలుక మీద చిటికెడు వేసుకుని, మిగిలింది రాగిపిండితో కాచిన చోడి అంబలిలో కలిపి బంటు ముందు పెట్టాడు.