రూతమ్మ మొక్కు

1934 జూన్ నెల. గిద్దలూరు స్టేషనులో మధ్యాహ్నం బండి వెళ్ళిపోయింది. ఆ బండిలోనే కంభం హైస్కూలు నుంచి ఎస్సెల్సీ మార్కుల పుస్తకాలు తెచ్చుకుని దిగిన ఇస్సాకు, నాగయ్య బెంచీ మీద కూచున్నారు.

“ఇంక చూపీరా ఇస్సాకూ. కంభం కాడినుంచి ఆ పుస్తకాన్ని పొదిగే కోడి మాదిరి అదుముకుని కూచున్నావు.”

“ముందు నీది చూపీ నాగయ్యా.”

“నాదేముంది, చూడు. తెలుగు అరవై. చరిత్ర నలభై. ఇంగ్లీషు ముప్పై ఒకటి. లెక్కలు...”

“లెక్కలు ఇరవై రెండా?”

“గట్టిగా అనకురా! ఆ పోర్టరు మా నాయనకు తెలుసు.”

“పరీక్ష నాడు పొద్దున నేను నీకు చెప్పిన లెక్కే చివర్లో వచ్చె గదరా!”

“చెప్పినావు. జవాబు గుర్తుండె, లెక్కే మరిచిపోయినా. ఉత్త జవాబు రాసి, దాని కింద రెండు గీతలు కొట్టినా. ఒక్క మార్కు కూడా ఇయ్యలే.”

“మరి కాలేజీకి ఎలిజిబుల్ అని రాసేకాడ?”

“కొట్టేసినారు. స్కేలు పెట్టి, ఎంత బాగా కొట్టినారో చూడు.”

“బాధగా లేదా నీకు?”

“ఉండె. బండి కంభం చెరువు దాటేదాకా ఉండె. తర్వాత ఆలోచన చేసినా. ఫారెస్టు గార్డు పనికి ఎస్సెల్సీ చదివినాడంటే చాలంట, ఎలిజిబుల్ అక్కర్లేదంట. అడవి మాకు కొత్తగాదు, మా నాయన తేనె తీసేది అందులోనే. పులికి ఇంగ్లీషు ఎందుకు చెప్పు? సరే, నా సంగతి అయిపోయింది. నీది తియ్యి. తియ్యరా... ఒరే! ఒరే ఒరే! లెక్కలు తొంభై మూడు! ఇది మనిషి మార్కేనా?”

“అరవొద్దురా.”

“ఫిజిక్సు ఎనభై ఒకటి. ఇంగ్లీషు యాభై ఎనిమిది. ఎలిజిబుల్ కాడ సంతకం, దాని మీద ముద్ర! మరి ఆ ముఖమేంది? తప్పినోన్ని నేను నవ్వుతాండా, పాసైనోనివి నువ్వు ఏడుస్తాండావు. మనూరోళ్ళు చూస్తే ఇద్దర్నీ కూచోబెట్టి వేపమండలతో కొడతారు.”

“పాసైనా గదా. అదే కష్టం.”

“ఏంది కష్టం?”

“అమ్మ మొక్కు నీకు తెలీదా?”

“తెలీకేం! ఈస్టరు నాడు పాయసం కోసమని మీ చర్చి అరుగు మీద కూచోనుంటిని గదా. ‘మన రూతమ్మ తన కొడుకు ఇస్సాకును దేవుని పనికి ఇస్తానని మొక్కుకునింది’ అని అయ్యగారు చెప్పినాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నా.”

“నువ్వెందుకన్నావురా?”

“అందరూ అంటాంటే ఊరకుండేది బాగుండదని.”

“ఆ పొద్దునుంచి ఊర్లో నాకు పేరే లేదు. చిన్నయ్యగారూ, చిన్నయ్యగారూ. జ్ఞానమ్మవ్వ వాళ్ళ బర్రె మేత ముట్టలేదని, నన్ను పిలుచుకపోయి దాని తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయమనింది.”

“చేసినావా?”

“చేసినా.”

“బర్రె?”

“తెల్లారేసరికి లేచి గాడినిండా మేసింది.”

“పోయినావు ఫో! ఇంక నిన్నెవరూ వదలరు.”

“నవ్వొద్దురా. పాసైతే ఇస్తాననే గదా మొక్కేది. లోకంలో యాడన్నా అంతే గదా.”

“అంతే. మా అంకాలమ్మకైనా వాన పడితేనే పొట్టేలు. పడకపోతే పొట్టేలు మంద్లోనే ఉంటుంది. అయినా మీ అమ్మను అడిగినావా?”

“ఏమని అడిగేది? నన్ను చూసినప్పుడంతా కొంగుతో కండ్లు తుడుచుకుంటాంది. పరీక్ష నెంబరు కూడా వదల్లే. దీపం కాడ కూచోని నా చేత పదిసార్లు చెప్పించుకుని నోటికి నేర్చింది. అంత గట్టిగా మొక్కినామెను ఏమని అడగాల?”

“అయ్యగారి పని మాత్రం చెడ్డదా? తెల్లచొక్కా, సైకిలు. యాడికి పోయినా కోడికూర.”

“చెడ్డదని ఎవరన్నారు? నాకు ఆ పిలుపు లేదురా. మా నాయన సంగతి నీకు తెలుసు గదా.”

“సీమోను మామనా? బావులు తవ్వుతాడు.”

“పధ్నాలుగు బావులు తవ్వినాడు. మూడింట్లోనే నీళ్ళు పడినాయి. ఆ మూడింట్లో ఎందుకు పడినాయి, తక్కిన పదకొండింట్లో ఎందుకు పడలేదు? మా నాయనకు తెలీదు, తవ్వించిన రెడ్లకు తెలీదు, టెంకాయ చేతిలో పెట్టుకుని తిరిగి చోటు చూపిస్తాడే, ఆయనకూ తెలీదు. ఎవరికో ఒకరికి తెలిసుంటుంది గదా నాగయ్యా! రాయి సంగతి, మట్టి సంగతి చదివినోళ్ళకు తెలిసుంటుంది. నాకది కావాల. గుంటూరు కాలేజీలో రెండేండ్లు ఇంటరు చదివి, ఆపైన ఇంజనీరింగు చదివితే నేనే చెప్పొచ్చు, నాయనా ఇక్కడ తవ్వు, అక్కడ తవ్వొద్దు అని. ఊరికే ఒళ్ళు పులిసిపోయేదాకా తవ్వి, ఉత్త గుంత చూసుకుంటా కూచోని ఏడ్చినాడురా మా నాయన. నేను చూసినా.”

“... అయితే ఇప్పుడేం చేస్తావు?”

“తప్పినానని చెప్తా.”

“ఏందీ?”

“అమ్మకు చదువు రాదు. తప్పితే మొక్కు లేదు. సెప్టెంబరులో మళ్ళీ రాస్తా, దానికి గుంటూరులో చదువుకుంటానని చెప్పి పోయి కాలేజీలో చేరతా.”

“ఫీజో?”

“మిషను స్కాలర్‌షిప్పు ఉంది గదా.”

“దానికి అయ్యగారి ఉత్తరం కావాల గదా. తప్పినోనికి కాలేజీ ఉత్తరం ఎట్ల రాసిస్తాడు?”

“... అది ఇంకా ఆలోచన చేయలే.”

“లెక్కల్లో తొంభై మూడు ఎట్ల వచ్చినాయిరా నీకు?”

“దరఖాస్తుకు ఇంకా పది రోజులుంది. ఏదో ఒకటి తోస్తుంది. నువ్వు మాత్రం, ఎవరన్నా అడిగితే ఇస్సాకు తప్పినాడనే చెప్పాల.”

“చెప్తా. నాకేమిస్తావు?”

“ఏం కావాల?”

“నీ పుస్తకం. ఒక్కరోజుకు. మా నాయన పాసైతే కోడి కోస్తానన్నాడు. ఆయనకు చదువు రాకపోయినా ముద్ర ఉందా లేదా అని చూస్తాడు. నీదాంట్లో ముద్ర ఎంత నల్లగా ఉందో! కోడి తిని రేపు పొద్దున నిజం చెప్తా. అరిగినాంక కొట్టినా ఫర్వాలే.”

“తీసుకో. నీది నాకియ్యి. ఒరే, అమ్మ! గేటు దాటి వస్తాంది.”

“నెత్తిన మూటుంది. బొరుగులయ్యుంటాయి. ముఖం మార్చురా! తప్పినోని ముఖం అట్లుండదు, నన్ను చూసి నేర్చుకో... కాదులే, నన్ను చూడొద్దు, నేను నవ్వుతాండా.”

“ఏం నాయనా, ఇక్కడే కూచున్నారు? బండి ఎప్పుడో పాయె.”

“దండం రూతమ్మత్తా! మూట ఇటియ్యి, నేను దించుతా. అబ్బో, ఏంది ఇంత బరువుంది? బొరుగులు కాదా?”

“దాంట్లో చెయ్యి పెట్టొద్దు నాగయ్యా. ముందు పరీక్ష సంగతి చెప్పు.”

“ఇద్దర్లో ఒకరే పాసైనారత్తా.”

“అట్లనా. ఎవరు?”

“నేనే.”

“నువ్వా!”

“నేనే అత్తా. నాకే నమ్మబుద్ధి కాలే.”

“మరి వీడు? ఏం రా, నోట్లో ఏముంది?”

“తప్పినామ్మా.”

“దేంట్లో?”

“లె... లెక్కల్లో.”

“లెక్కల్లోనా! ఎన్ని వచ్చినాయి?”

“ఇరవై రెండు.”

“నీకు నాగయ్యా?”

“తొంభై మూడు అత్తా.”

“శెబాసు. అయితే నాయనా, నా సందేహమొకటి తీర్చు. సంతలో చింతపండు గంపలు పదిహేడు. గంపకు నాలుగు వీశెలు. మొత్తం ఎన్ని వీశెలు?”

“పదిహేడు నాలుగులా... పదిహేడు నాలుగులంటే... ఆ గంపలు పెద్దవా, చిన్నవా అత్తా?”

“అరవై ఎనిమిది!”

“నిన్నెవరడిగినార్రా? తప్పినోనివి, మూసుకోని కూచో. సరే, దేవుని చిత్తం. మూటెత్తు, పోదాం పద.”

“యాడికమ్మా?”

“అయ్యగారి కాడికి. రామాపట్నం సెమినరీకి, అదే అయ్యగార్ల బడికి, ఉత్తరం రాసిపెట్టుండాడు. నీ పేరొక్కటి రాస్తే అయిపోతుంది. సోమవారం బండికి పోదువు.”

“రామాపట్నమా! నేను తప్పినా గదమ్మా!”

“అందుకే గదా పొమ్మనేది.”

“నీ మొక్కు పాసైతే గదా!”

“ఎవరు చెప్పినారు?”

“అయ్యగారే చెప్పినాడు! ఈస్టరు నాడు, అందరి ముందర!”

“ఇస్తానని మొక్కుకునింది అన్నాడు. ఎప్పుడిస్తానన్నానో ఆయనా చెప్పలే, మీరూ అడగలే. ఆమెన్ అని పాయసానికి పాయిరి. తప్పితే ఇస్తానని నా మొక్కు.”

“తప్పితేనా! అత్తా, యాడన్నా ఉందా ఇట్లాంటి మొక్కు? మా అంకాలమ్మకు చెప్తే నవ్వుతుంది.”

“నవ్వనీలే. పాసైనోడు యాడన్నా బతుకుతాడు నాగయ్యా. తప్పినోనికే గదా దేవుడు కావాల్సింది. మోకాళ్ళ మీద కూచోని ఒకటే మాట చెప్పినా. నాయనా, వీన్ని గట్టెక్కించినావా, వీని చదువు సంగతి నేనూ సీమోనూ చూసుకుంటాం. గట్టెక్కించలేదా, తప్పు నీది, ఇంక నువ్వే సాకుకో అని.”

“మరి నన్ను చూసినప్పుడంతా ఏడిస్తివి గదమ్మా!”

“ఏడవనా? పాసైతే గుంటూరు పోతావు. గుంటూరు ఈడుందా?”

“అమ్మా! నేను పాసైనా!”

“ఇప్పుడే తప్పినానంటివి.”

“లేదమ్మా, పాసైనా! తొంభై మూడు నావే! నాగయ్యా, చెప్పరా!”

“ఏం చెప్పాల? ఒక్కరోజుకని ఇచ్చినావు. ఇంకా గడియ కూడా కాలే.”

“నీ కాళ్ళు మొక్కుతా, ఆ పుస్తకం ఇటియ్యి!”

“కోడి పోతుందిరా!”

“కోడి నేను కొనిస్తా, రెండు కొనిస్తా, చెప్పరా నాయనా!”

“రెండా? అత్తా, ఆ చెప్పిందంతా అబద్ధం. తప్పింది నేను. నాకు గంపలు తెలుసు గానీ పదిహేడు నాలుగులు తెలీవు. ఇదిగో నీ కొడుకు పుస్తకం, ముద్ర చూడు.”

“నాకు చదువు రాదు. రెండు పుస్తకాలూ ఒకటే రంగు. ఎవరి మాట నమ్మాల నేను?”

“అమ్మా, ప్రమాణంగా...”

“ప్రమాణం చేయొద్దు. ఇప్పటికే ఒక అబద్ధమాడినావు, దానికి రాత్రికి మోకాళ్ళ మీద కూచుందువు. పధ్నాలుగు వేల రెండు వందల ఆరు.”

“... అది నా నెంబరు.”

“గేటు కాడ స్టేషను మాస్టరుగారు మదరాసు పేపర్లో పాసైనోళ్ళ నెంబర్లు చదువుతాంటే, నీది రెండుసార్లు చదివించుకుని వచ్చినా. మూడు నెలలు దేవునికి ఆ నెంబరుతోనే చెప్పినా. ఊరికే ఇస్సాకంటే, కర్నూలు జిల్లాలో ఎంతమంది ఇస్సాకులో! పొరపాటున ఇంకొకన్ని పాస్ చేస్తే?”

“తెలిసి కూడా ఇంతసేపు నన్ను ఏడిపిస్తివా!”

“నువ్వు అబద్ధమాడితివి, నేను లెక్క అడిగితిని. చెల్లుకు చెల్లు. కడుపున పుట్టినోనివి, నీకేం కావాలో ఒక్క మాట నాతో చెప్పకూడదా? నన్ను చూసి అంత భయమా?”

“భయం కాదమ్మా. నీ మాట దేవుని కాడ పోతుందని...”

“పిచ్చి నాయన. పద, అయ్యగారు ఎదురుచూస్తాంటాడు. ఆయన రెండు ఉత్తరాలు రాసిపెట్టినాడు. ఒకటి రామాపట్నానికి, ఒకటి గుంటూరు కాలేజీకి. ఆ రెండోది నీ చేతికిస్తాడు. నాగయ్యా, నువ్వూ రా. మీ నాయన కోడి కోయకపోతే నేను కోస్తా.”

“వస్తా అత్తా! ఇంతకీ ఈ మూటలో ఏముందో చెప్పు. తింటానికి కాదు, మోస్తానికి అడుగుతాండా. రాళ్ళ మాదిరి ఉంది.”

“విప్పి చూడు.”

“పొట్లాలు. అన్నీ గుడ్డ పొట్లాలు. ఒకటి, రెండు, మూడు... పధ్నాలుగు. ఇదేంది? మన్ను!”

“అమ్మా?”

“చిన్నప్పుడు మీ నాయనను అడిగి అడిగి చంపితివి గదా, ఈడ నీళ్ళెందుకు పడినాయి, ఆడ ఎందుకు పడలేదు అని. జవాబు తెలీక ఆయన నిన్ను తిట్టె. నువ్వు పరీక్షకు పోయినప్పటినుంచి నేనూ ఆయనా తిరిగి, పధ్నాలుగు బావుల్లోనూ దిగి, అడుగు మన్ను తెచ్చినాం. నీళ్ళు పడినవాటికి ఎర్రదారం కట్టినా. గుంటూరులో ఎవరికి చూపిస్తావో చూపియ్యి నాయనా. తక్కిన పదకొండింట్లో నీళ్ళెందుకు పడలేదో తెలుసుకోకుండా మాత్రం ఇంటికి రావద్దు.”