ఆదివారం సాక్ష్యం

విడవలూరులో ఆ ఆదివారం ఉదయం, చర్చికి బయలుదేరిన భార్యాభర్తలు గుమ్మంలోనే ఆగిపోయారు.

“కరోనా నించి నీకు పూర్తిగా స్వస్థత వచ్చిందని ఇయ్యాల సాక్ష్యం చెప్తావని పాస్టరుగారికి మాటిచ్చినా.”

“ఇచ్చింది మీరు గదా, మీరే చెప్పండి. నాకింకా అరికాళ్లు మండతానే ఉండాయి. మాట్లాడతా ఉంటే చెప్పబోయే మాట మధ్యలో మాయమైపోతా ఉంది.”

“రిపోర్టులన్నీ నార్మలే గదే!”

“అయితే ఆ రిపోర్టుల్నే నిలబెట్టి చెప్పించండి.”

“అందరూ ఎదురుచూస్తా ఉంటారు. నా పరువేం గావాల?”

“సరే, చెప్తా. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. కాళ్లమంటా మతిమరుపూ మాత్రం పోలేదని కూడా చెప్తా.”

“అట్టా చెప్తే చర్చిలో ఎవరు నమ్మతారు?”

“ఒక్కరు నమ్మినా మనింట్లో కంటే ఎక్కువే. పదండి.”